కొలతలో ధర్మం: చెరువు, నగరం, సుస్థిరాభివృద్ధి - ఒక పరిశీలన

కీలక పదాలు: సుస్థిరాభివృద్ధి, సూచిక, ఆయకట్టు, శిఖం, అలుగు, పోరుమామిళ్ళ శాసనం, తరాల మధ్య న్యాయం

ప్రస్తావన

తిరుపతి నగరాన్ని ఆనుకొని అవిలాల, పేరూరు అనే రెండు పాత చెరువులు ఉన్నాయి. వాటి గర్భంలోని భూమిని 1990ల తొలి సంవత్సరాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గృహనిర్మాణానికి కేటాయించింది. ఆ చెరువులు వాడుక తప్పినవని, పెరుగుతున్న పట్టణానికి ఇళ్లు అవసరమని ప్రభుత్వ పక్షం వాదించింది. చెరువులు పూడిపోతే పరిసరాలలో భూగర్భజలం అడుగంటుతుందని స్థానిక పౌరుల వేదిక ఒకటి న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. హైకోర్టు వారి వాదనను అంగీకరించలేదు. ‘ఇంటలెక్చువల్స్ ఫోరం, తిరుపతి’ కేసుగా ప్రసిద్ధి పొందిన ఆ వివాదంలో 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే లేచిన కట్టడాలను అలాగే ఉంచి, ఇకపై ఆ చెరువులలో నిర్మాణాలు జరగరాదని, పేరూరు చెరువుకు నీరు తెచ్చే వాగును బాగుచేయాలని, ఇళ్లపై పడే వాన నీటిని నేలలోకి ఇంకించాలని ఆదేశించింది.

ఈ వివాదంలో ఇరుపక్షాలూ ఒకే నేల గురించి మాట్లాడాయి. ఒకరికి అది ఇళ్లు కట్టదగిన స్థలం, మరొకరికి అది నీరు ఇంకే చోటు. ఈ తేడాకు మూలం వారు ఎంచుకున్న కొలమానంలో ఉంది. ఒక ప్రాంతపు అభివృద్ధి సుస్థిరమా కాదా అని నిర్ణయించే కొలమానాన్ని ఏ ప్రాతిపదికపై ఎంచుకోవాలి? ఆ ఎంపిక తప్పినప్పుడు తప్పు భారాన్ని ఎవరు మోస్తారు? ఈ ప్రశ్నలను సాంకేతిక నిపుణులకు వదిలివేయడం నేటి అలవాటు. అయితే ఇవి ప్రధానంగా నైతిక ప్రశ్నలు. ఈ వ్యాసం వాటిని చెరువు అనే ఉదాహరణ ఆధారంగా పరిశీలిస్తుంది. తెలుగు నేలపై చెరువును కొలిచిన తీరు శాసనాలలోను, రెవెన్యూ పదజాలంలోను, గ్రామ వ్యవహారంలోను నిక్షిప్తమై ఉంది. అందువల్ల ఈ విచారణ నగర ప్రణాళికకు ఎంత సంబంధించినదో తెలుగు పరిశోధనకూ అంత సంబంధించినది.

నిర్వచనం నుంచి సూచికల వరకు

1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదిక సుస్థిరాభివృద్ధికి ఇచ్చిన నిర్వచనం సుప్రసిద్ధం. భావితరాలు తమ అవసరాలను తీర్చుకునే శక్తికి భంగం కలగకుండా నేటి తరం తన అవసరాలను తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అన్నది దాని సారాంశం. ఈ నిర్వచనం స్వభావంలో నైతికమైనది. ఇంకా పుట్టని వారి పట్ల ఉన్నవారికి బాధ్యత ఉందని అది ప్రకటిస్తుంది. 1992లో రియో డి జనీరోలో జరిగిన సదస్సు ఆమోదించిన ‘అజెండా 21’ ఈ బాధ్యతను ఆచరణలోకి తేవడానికి స్థానిక సంస్థల పాత్రను గుర్తించింది, ప్రగతిని కొలిచే సూచికలు తయారు కావాలని కోరింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు ఈ దారిలో వచ్చినవే. భారతదేశంలో నీతి ఆయోగ్ 2018 నుంచి రాష్ట్రాలకు, 2021లో 56 నగరాలకు ఈ లక్ష్యాల ఆధారంగా అంకెలు కేటాయించింది.

నగరాలకు సంబంధించిన పదకొండవ లక్ష్యంలోని రెండు సూచికలను గమనిస్తే సమస్య స్పష్టమవుతుంది. మొదటిది, నగరం భూమిని ఆక్రమించే వేగానికి, జనాభా పెరిగే వేగానికి మధ్య నిష్పత్తి. నగరం అవసరానికి మించి వ్యాపిస్తున్నదా అని తెలుసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది. అయితే ఆక్రమణకు గురైన భూమి ఎటువంటిదో ఈ నిష్పత్తి చెప్పదు. రాతి గుట్ట పక్కన ఉన్న పది ఎకరాలు, చెరువు గర్భంలోని పది ఎకరాలు ఇందులో సమానం. రెండవది, కట్టడాలు నిండిన నగర ప్రాంతంలో ప్రజలందరికీ అందుబాటులో ఉన్న బహిరంగ స్థలం వాటా. ఇదీ మంచి సూచికే. కాని చెరువు అంచున మట్టి పోసి, నీరు నిలిచే విస్తీర్ణాన్ని కుదించి, చుట్టూ నడకబాట, ఉద్యానవనం ఏర్పాటు చేస్తే ఈ సూచిక మెరుగుపడుతుంది. చెరువు చిన్నదవుతుంది.

విడి సూచికలను కలిపి సగటు తీసినప్పుడు సమస్య మరింత లోతవుతుంది. సగటులో ఒకచోటి మిగులు మరొకచోటి లోటును పూడుస్తుంది. రోడ్లు, విద్యుత్తు, గృహవసతి విషయంలో వచ్చిన ఎక్కువ మార్కులు భూగర్భజలం విషయంలో వచ్చిన తక్కువ మార్కులను కప్పివేస్తాయి. ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచీలో 2010 నుంచి సాధారణ సగటుకు బదులు గుణోత్తర సగటును వాడటానికి ఒక కారణం ఇదే. అర్థశాస్త్రంలో ఇది పాత చర్చ. సహజ సంపద తగ్గినా మనిషి నిర్మించిన సంపద దానికి సరిపడా పెరిగితే భావితరాలకు నష్టం లేదని రాబర్ట్ సోలో వంటి వారి వాదం. కొన్ని సహజ వనరులకు ప్రత్యామ్నాయం లేదని, వాటిని విడిగానే కాపాడాలని హెర్మన్ డాలీ వంటి వారి వాదం. సగటు తీసే ప్రతి సూచీ, చెప్పకుండానే, మొదటి వాదం పక్షం వహిస్తుంది. లెక్కించే పద్ధతిగా కనిపించేది నిజానికి ఒక నైతిక నిర్ణయం.

‘ఆయకట్టు’ అనే కొలమానం

తెలుగు గ్రామంలో చెరువు స్థాయిని తెలిపే మాట ఆయకట్టు. నూరెకరాల చెరువు, ఐదువందల ఎకరాల చెరువు అన్నప్పుడు సాధారణంగా ఉద్దేశించేది దాని కింద సాగయ్యే భూమినే. ఈ మాటలోని ‘ఆయం’ రాబడిని సూచిస్తుంది. నీటిని రాబడి ద్వారా కొలవడం ఈ పదంలోనే ఉంది. పన్ను వసూలు చేసే రాజ్యానికి, శిస్తు కట్టే రైతుకు ఇది అనుకూలమైన కొలత. వ్యవసాయం సాగినంత కాలం ఇది చెరువు మేలును కూడా సుమారుగా సూచించింది. ఆయకట్టు ఉన్న చోట కట్ట బాగుండాలి, తూము పనిచేయాలి, పూడిక తీయాలి. కొలమానం ఒకటే అయినా అది కోరే పనులు అనేకం.

పట్టణం దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంబంధం తెగిపోతుంది. ఆయకట్టు పొలాలు ఇళ్ల స్థలాలుగా మారుతాయి. తూము తెరవవలసిన అవసరం ఉండదు. రికార్డులో ఆయకట్టు సున్నాకు చేరుతుంది. అప్పుడు చెరువు వాడుక తప్పినదిగా, దాని గర్భం ఖాళీ స్థలంగా కనిపిస్తుంది. భౌతికంగా చెరువు చేసే పనులలో ఒక్కటే ఆగిపోయింది. వాన నీటిని ఆపడం, దానిని నేలలోకి ఇంకించడం, చుట్టుపక్కల బావులకు ఊట ఇవ్వడం, వరద వేగాన్ని తగ్గించడం అనే పనులు కొనసాగుతూనే ఉంటాయి. పైగా జనం పెరిగిన కొద్దీ వాటి అవసరం పెరుగుతుంది. కాని అవి ఏనాడూ కొలమానంలో లేవు. కొలవని మేలు రికార్డులో లేనట్టే. ఈ విధంగా చెరువు నేల మీద ఎండిపోకముందే కాగితం మీద ఎండిపోతుంది.

అవిలాల, పేరూరు వివాదానికి ఉన్న తాత్త్విక ప్రాధాన్యం ఇక్కడే ఉంది. సుప్రీంకోర్టు ఆ తీర్పులో రెండు భావనలను ఆధారం చేసుకుంది. సహజ వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల పక్షాన ధర్మకర్త అన్నది ఒకటి. భావితరాలకూ వాటిపై హక్కు ఉందన్నది రెండవది. ధర్మకర్తృత్వమనే భావన కొలమానాన్ని మార్చివేస్తుంది. యజమాని తన ఆస్తి ఇప్పుడు ఎంత రాబడి ఇస్తుందని అడుగుతాడు. ధర్మకర్త తనకు అప్పగించినది ఎంత మేరకు నిలిచి ఉందని అడగవలసి ఉంటుంది. మొదటి ప్రశ్నకు ఆయకట్టు సమాధానం. రెండవ ప్రశ్నకు అది చాలదు.

న్యాయస్థానం అప్పటికే నిలిచిన ఇళ్లను కూల్చమనలేదన్నది కూడా గమనించదగిన విషయం. పొరపాటు కొలత ఒకసారి నేల మీద గోడల రూపం ధరించిన తరువాత దానిని సరిదిద్దడం మరొక అన్యాయానికి దారితీయవచ్చు. కనుక కొలమానాన్ని ప్రశ్నించవలసిన సమయం నిర్మాణానికి ముందే.

పోరుమామిళ్ళ శాసనం: సాధనాలు, దోషాలు

కడప జిల్లా పోరుమామిళ్ళలో శక సంవత్సరం 1291, అనగా క్రీ.శ. 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర పాలకుడు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించిన సందర్భంలో వేయించినది. రెండేళ్లపాటు రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోసే నూరు బండ్లు పనిచేసిన వివరాన్ని, కట్ట కొలతలను అది నమోదు చేసింది. ఆ చెరువు నేటికీ ఉంది. చరిత్రకారులు, జలవనరుల పరిశోధకులు ఈ శాసనాన్ని ప్రధానంగా నిర్మాణ విజ్ఞానానికి ఆధారంగా చూశారు. అది ఒక మూల్యాంకన పత్రం కూడా. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను అది వరుసగా చెబుతుంది. నేటి పరిభాషలో ఇవి సూచికలు.

ఈ పన్నెండింటిలో తొమ్మిది నేలకు, నీటికి, రాతికి సంబంధించినవి. గట్టి బంకమట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి తీయని నీరు తెచ్చే నది, కట్టకు ఇరువైపులా ఆనుకునే కొండ, మరీ పొడవు కాని దృఢమైన కట్ట, విశాలమైన లోతైన గర్భం, సమీపంలో రాతి గని, సమతలమైన సారవంతమైన పొలాలు వంటివి ఇందులో వస్తాయి. మిగిలిన మూడు మనుషులకు సంబంధించినవి. మొదటిది ధర్మపరుడు, సంపన్నుడు, శాశ్వత కీర్తిని కోరే రాజు. రెండవది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. చివరిది నిర్మాణంలో నేర్పరులైన పనివారి బృందం. అంటే ఈ జాబితా కట్టే వ్యవస్థను కూడా కొలుస్తుంది. పాలకుడి ధర్మం, నిపుణుడి విద్య, కార్మికుడి నేర్పు బంకమట్టి నేలతో సమానమైన అర్హతలుగా నిలిచాయి. నేటి సూచీలు నగరాన్ని కొలుస్తాయి. ఆ నగరానికి అనుమతులు ఇచ్చేవారి నడవడి అదే పట్టికలో ఒక అంశంగా కనిపించడం అరుదు.

ఆరు దోషాలు మరింత ఆలోచన కలిగిస్తాయి. కట్ట నుంచి నీరు కారడం, నేల చవుడు కావడం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్య తాబేలు వీపులా నేల ఎత్తుగా ఉండటం, నీరు తక్కువై సాగు భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం అనేవి ఆ ఆరు. ఇందులో మూడు విశేషాలు నేటి చర్చకు పనికివస్తాయి.

మొదటి విశేషం, దోషాలను సాధనాల నుంచి వేరుగా చెప్పడం. పన్నెండు గుణాలకు మార్కులు వేసి, ఆరు దోషాలకు మార్కులు తీసివేసి మొత్తం చూసే పద్ధతి ఇక్కడ లేదు. కట్ట నుంచి నీరు కారే చెరువుకు పొలాలు ఎంత సారవంతమైనవైనా ప్రయోజనం ఉండదు. ఒక లోపాన్ని వేరొక గుణంతో పూడ్చలేమన్న అవగాహన ఈ విభజనలో ఉందని వ్యాఖ్యానించవచ్చు. సగటు సూచీలపై నేటి పర్యావరణ అర్థశాస్త్రం చేసే విమర్శ కూడా ఇదే.

రెండవ విశేషం, చివరి రెండు దోషాలు నిష్పత్తికి సంబంధించినవి కావడం. నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం దోషమైనట్టే, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడమూ దోషమే. ఎక్కువైతే మంచిదనే భావన ఇక్కడ లేదు. నీటికి తగిన నేల, నేలకు తగిన నీరు ఉండాలి. నగరానికి అన్వయిస్తే, ఒక పరీవాహక ప్రాంతం ఎంత వాన నీటిని ఇముడ్చుకోగలదో అంతకు తగిన నిర్మాణమే అక్కడ ఉండాలన్న నియమం వస్తుంది. వృద్ధి రేటును దానికదే మంచిగా భావించే సూచికకు ఈ నియమం తెలియదు.

మూడవ విశేషం, రెండు రాజ్యాల సరిహద్దును దోషంగా చెప్పడం. ఇది భూమి దోషం కాదు, బాధ్యత దోషం. ఇద్దరి పాలనలో ఉన్న చెరువును ఎవరూ బాగుచేయరు, ఇద్దరూ నీరు కోరుతారు. నేటి నగరంలో ఒకే చెరువు గర్భం రెవెన్యూ శాఖ రికార్డులో, కట్ట నీటిపారుదల శాఖ చేతిలో, మురుగు కాలువ పురపాలక సంఘం కింద, లేఅవుట్ అనుమతి పట్టణాభివృద్ధి సంస్థ వద్ద ఉంటాయి. ఆరున్నర శతాబ్దాల కిందటి శాసనం ఈ పరిస్థితిని మూడవ దోషం కింద చేర్చేది.

శాసనంలోని రాజు కోరే ‘శాశ్వత కీర్తి’ని సప్తసంతాన భావనతో కలిపి చూడాలి. తెలుగు సంప్రదాయం పుత్రుడు, కావ్యం, దేవాలయం, వనం, అగ్రహారం, నిధి అనే వాటితో పాటు తటాకాన్నీ సంతానంగా లెక్కించింది. బ్రంట్‌లాండ్ నిర్వచనంలో భావితరాలు వనరులను అందుకునేవారు. సప్తసంతాన భావనలో వనరే ఒక సంతానం. సంతానాన్ని దాని రాబడిని బట్టి మాత్రమే ఎవరూ విలువకట్టరు. చెరువు పోషణ నిమిత్తం ఇచ్చిన దశబంధ మాన్యాలు ఈ భావనకు ఆర్థిక రూపం. చెరువు కింది భూమిలో కొంత భాగాన్ని అనుభవించేవాడు ఆ చెరువును బాగుచేస్తూ ఉండాలన్నది ఆ మాన్యం షరతు. అనుభవానికి, బాధ్యతకు అక్కడ ముడి ఉంది.

అలుగు, శిఖం: కనిపించే కొలత

చెరువు నిండితే మిగులు నీరు పొర్లిపోయే చోటు అలుగు. తెలంగాణలో దీనినే మత్తడి అంటారు. చెరువు ఎంతవరకు నిండాలో అలుగు ఎత్తు నిర్ణయిస్తుంది. నేటి ప్రభుత్వ పత్రాలు ఎఫ్‌టీఎల్ అని పిలిచే పూర్తి నీటి మట్టం సారాంశంలో ఈ రాతి గడప మట్టమే. అలుగు పారినప్పుడు నీరు ఎక్కడి వరకు వచ్చిందో ఊరంతా చూస్తుంది. చెరువు హద్దు ఏటేటా అందరి కళ్ల ముందు రుజువవుతుంది. నీరు నిలిచే నేలకు హైదరాబాదు రాజ్యపు రెవెన్యూ భాషలో శిఖం అని పేరు. ‘శికమ్’ అనే పారసీక పదానికి కడుపు అని అర్థం. పన్నుల రికార్డు కూడా చెరువును కడుపు ఉన్న ప్రాణిగా పేర్కొన్నది. ఎండిన కాలంలో శిఖంలో సాగు చేసుకోవడం ఉండేది. నీరు వచ్చినప్పుడు నేల నీటిదే.

హైదరాబాదు పరిసరాలలోని చెరువులు గొలుసుకట్టుగా ఏర్పడినవి. పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు చేరుతుంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత పరిశీలనకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉండగా వాటిలో 221 తెగిపోయినట్లు నమోదు చేశారు. పై చెరువు తెగితే ఆ నీటి భారం కింది చెరువు మీద పడుతుంది. చెరువును విడిగా కొలవడం సరిపోదని, గొలుసే కొలతకు ప్రమాణమని ఈ సంఖ్యలు బోధిస్తాయి. ఆయన సూచనల ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల హద్దు నుంచి 30 మీటర్ల వరకు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటల హద్దు నుంచి 9 మీటర్ల వరకు కట్టడాలు నిషిద్ధం. నియమం ఉండటం మంచిదే. అయితే ఈ విభజన చెరువు విస్తీర్ణాన్ని మాత్రమే చూస్తుంది, గొలుసులో దాని స్థానాన్ని చూడదు. పైన ఉన్న చిన్న కుంట వాన నీటిని మొదట ఆపి, పూడికను తనలో ఉంచుకొని, కింది పెద్ద చెరువును కాపాడుతుంది. దాని పనికి, దానికి దొరికిన రక్షణకు మధ్య పొంతన లేదు. ఈ 30 మీటర్లను, 9 మీటర్లను ఏ గీత నుంచి కొలవాలన్నది మరొక ప్రశ్న. అలుగును కొట్టి ఎత్తు తగ్గించినా, తూమును శాశ్వతంగా తెరిచి ఉంచినా నీరు పాత హద్దుకు చేరదు. కొన్నేళ్లకు కొత్త హద్దే అసలు హద్దుగా పటంలోకి ఎక్కుతుంది. రాతి గడపలో ఉన్న కొలత పటం మీది గీతగా మారినప్పుడు దానిని మార్చడం సులువవుతుంది, ఆ మార్పును గుర్తించడం కష్టమవుతుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో ముంపునకు గురైన అనేక కాలనీలలో నీరు వెతుక్కున్నది ఈ పాత హద్దులనే.

కొలతలో సందేహం ఉన్నప్పుడు రుజువు చేయవలసిన భారం ఎవరిదన్న ప్రశ్నకు కూడా ఈ ప్రాంతమే ఒక సమాధానం ఇచ్చింది. 1996 నాటి 111వ జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు మొదలైన వాటిని నిషేధించింది. ఆ పరిధిలో నెలకొల్పదలచిన ఒక పరిశ్రమకు సంబంధించి ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో 1999, 2000 సంవత్సరాలలో వెలువడిన తీర్పులలో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని విపులంగా చర్చించింది. హాని జరగదని నిరూపించవలసిన భారం మార్పు కోరేవారి మీద ఉంటుందని నిర్ణయించింది, మినహాయింపును అంగీకరించలేదు. 2022లో ప్రభుత్వం ఆ జీవో ఆంక్షలను ఎత్తివేసింది. రాజకీయ నిర్ణయం మారవచ్చు. ఆ తీర్పులోని నైతిక వాదం మాత్రం నిలిచే ఉంది. కొలత తప్పితే నష్టపడేది తాగునీటి మీద ఆధారపడిన లక్షలమంది అయినప్పుడు, సందేహపు లాభం నీటికే చెందాలి.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ వాదనపై మూడు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, పాత వ్యవస్థను ఆదర్శంగా చూపడం చరిత్రకు అన్యాయమన్నది. ఇది బలమైన ఆక్షేపణ. పోరుమామిళ్ళ శాసనంలో రాజుకు పేరుంది, రోజుకు వెయ్యిమంది చొప్పున రెండేళ్లు పనిచేసిన కూలీలకు పేర్లు లేవు. నిపుణుడి కులాన్ని శాసనమే నిర్ణయించింది. చాలా తెలంగాణ గ్రామాలలో తూము తెరిచి పొలం పొలానికి నీరు పంచిన నీరటి దళితుడు. పంచిన నీటిలో అతని కుటుంబానికి దక్కిన వాటా స్వల్పం. అందరూ చూడగల కొలత ఉన్నంత మాత్రాన అందరికీ సమాన హక్కు ఉన్నట్టు కాదు. కనుక శాసనం నుంచి స్వీకరించదగినది దాని కొలత తర్కం. నిష్పత్తి, పూడ్చలేని దోషం, కొలిచేవారి అర్హత అనే మూడు సూత్రాలను నేటి సమానత్వ విలువలతో కలిపినప్పుడే అవి ఉపయోగపడతాయి. పన్నెండు సాధనాల జాబితాను నేడు తిరిగి రాస్తే అందులో న్యాయమైన పంపకం తప్పనిసరిగా చేరాలి.

రెండవ ఆక్షేపణ, కచ్చితమైన హద్దులు పేదల ఇళ్ల మీదికి వస్తాయన్నది. నగరంలో చౌకగా దొరికే నేల తరచు చెరువు అంచునే ఉంటుంది. అనుమతి పత్రం, రిజిస్ట్రేషన్, విద్యుత్ కనెక్షన్ అన్నీ ఉన్న ఇల్లు ఒక ఉదయం చెరువు హద్దులో ఉన్నట్లు తేలడం ఆ కుటుంబానికి న్యాయమనిపించదు. ఆ స్థలాన్ని విభజించి అమ్మినవారు, అనుమతించినవారు అప్పటికి దూరంగా ఉంటారు. ఇక్కడ తప్పు కొలత ఉండటంలో లేదు, అది ఆలస్యంగా బయటికి రావడంలో, దాని భారం చివరి కొనుగోలుదారు మీద మాత్రమే పడటంలో ఉంది. హద్దు ముందే నేల మీద రాళ్లతో గుర్తించి ఉంటే, స్థానిక భాషలో ప్రకటించి ఉంటే ఆ స్థలాన్ని అమ్మడమే సాధ్యపడేది కాదు. కొలతను దాచి ఉంచడం బలవంతులకు లాభం. దానిని బహిరంగపరచడం బలహీనులకు రక్షణ. కట్టిన తరువాత తొలగించక తప్పని చోట పునరావాసం దయ కింద రాదు, ఆలస్యపు కొలతకు చెల్లించవలసిన రుణం కిందికి వస్తుంది.

మూడవ ఆక్షేపణ, స్థానిక కొలమానాలతో దేశాలను, నగరాలను పోల్చలేమన్నది. పోలిక అవసరమే. నిధుల కేటాయింపుకు, విధాన సమీక్షకు ఉమ్మడి సూచికలు కావాలి. అయితే పోలికకు వాడే అంకె, నేలపై నిర్ణయానికి వాడే అంకె ఒకటే కానవసరం లేదు. జాతీయ సూచీలో ఒక నగరం ఎన్నో స్థానంలో ఉన్నదో తెలుసుకోవడం ఒక పని. ఒక కుంటను పూడ్చవచ్చునా అని నిర్ణయించడం మరొక పని. రెండవ పనికి మొదటి అంకెను సాక్ష్యంగా వాడటం అపప్రయోగం.

ఉపసంహారం

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు వస్తాయి. సుస్థిరాభివృద్ధిని కొలిచే సూచిక ఏ మేలును లెక్కలోకి తీసుకోదో ఆ మేలు మొదట రికార్డులో, తరువాత నేలపై అంతరిస్తుంది. కనుక సూచికల ఎంపిక ఆ నేలపై బతికేవారి ముందు బహిరంగంగా జరగాలి. కొన్ని లోపాలు ఇతర గుణాలతో పూడ్చలేనివి. నీటి దారి మూసుకుపోవడం అటువంటిది. వాటిని సగటులో కలపక విడిగా నమోదు చేయాలి. కొలిచేవారు కూడా కొలతకు లోబడి ఉండాలి. అనుమతి ఇచ్చినవారి పేరు, తేదీ, ఆధారం ఆ చెరువు రికార్డులో శాశ్వతంగా ఉండాలి.

తెలుగు పరిశోధనకు ఇక్కడ ఒక ప్రత్యక్ష కర్తవ్యం ఉంది. అలుగు, మత్తడి, తూము, శిఖం, కట్టుకాలువ, ఒండ్రు, ఊట వంటి మాటలు చెరువు చేసే పనులను విడివిడిగా గుర్తుంచుకున్నాయి. ప్రణాళికా పత్రాలలో ఇవన్నీ ‘జలవనరు’ అనే ఒక్క మాటలో కలిసిపోతున్నాయి. పదం పోయిన చోట ఆ పదం సూచించే పనిని కొలవాలన్న ఆలోచన కూడా పోతుంది. శాసనాలలోను, కైఫీయతులలోను, రైతుల నోటిలోను ఉన్న ఈ పదజాలాన్ని చెరువువారీగా, గొలుసువారీగా సేకరించి, పాత హద్దుల సమాచారంతో సహా ప్రచురిస్తే అది భాషాసేవతో పాటు సాక్ష్య సేకరణ కూడా అవుతుంది.

తెలుగులో ‘కొలుచు’ అనే మాటకు పరిమాణం తెలుసుకోవడం, సేవించడం అనే రెండు అర్థాలున్నాయి. వ్యుత్పత్తి ఏదైనా, చెరువు విషయంలో ఈ రెండింటినీ విడదీయడం వల్లనే నేటి చిక్కు ఏర్పడింది. అలుగు ఎత్తును ఏటేటా చూసినవారే కట్టకు మట్టి పోశారు. నగరాన్ని కొలిచేవారికి ఆ రెండవ పనిలో కూడా భాగం ఉన్నప్పుడే వారి అంకెలకు నైతిక బలం చేకూరుతుంది.